వీసా పిలుపునకై వేచియున్న ఇల్లాలు



మన అలంకారశాస్త్రకారులు నాయికలను ఎనిమిది విధములుగా విభజించి, వారిలో నొకతెకు ప్రోషితభర్తృక యని పేరిడిరి. భర్త దేశాంతరమున నుండగా ఇంట వేచియుండు భార్య యని దాని యర్థము. కాళిదాసుని మేఘసందేశములోని యక్షపత్ని యట్టిదే. అయినను ఆమెకొక యూరట కలదు. ఆమె భర్తకు కలిగిన శాపము ఒక్క సంవత్సరమునకే పరిమితమైనది. కావున ఆమె గడపయొద్ద పువ్వులుంచి, మిగిలిన నెలలను లెక్కించుకొనగలిగినది. నేడు మన గ్రామములలో, అమెరికాలో స్థిరపడిన భర్తను చేరుటకై వీసా ఇంటర్వ్యూకు ఎదురుచూచు యువతులకు ఆ మాత్రపు టూరటయు లేదు. లెక్కించుటకు గడువు తెలియదు. గడువు తెలియని నిరీక్షణలో ఇంటివారు ఓపిక కోల్పోవుదురు. ఇరుగుపొరుగువారు తలకొక మాట యందురు. తుదకు నింద యంతయు ఏ పాపమెరుగని ఆ పిల్లపై వచ్చి పడును.

“పెండ్లియై రెండేండ్లైనది, ఇంకను తీసికొనిపోలేదేమి?” అని రచ్చబండమీద నడుగువారు కలరు. ఈ ప్రశ్నకు సమాధానము తెలిసియుండవలసినవారు పెద్దలే. ఏలన, ఇట్టి సమయమున ఇంటి పరువును, పిల్ల ధైర్యమును నిలుపవలసినవారు వారే గదా. ఈ యాలస్యము ఏల కలుగుచున్నది, ఏ మెట్టున ఏమి జరుగును, నిజమైన యాలస్యమేది, వంచన యేది యను సంగతులను ఈనాడు విన్నవింతును.

మొట్టమొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. “ఫలానావారి కోడలు పెండ్లియైన కొలది నెలలకే విమానమెక్కినది. మన పిల్ల ఏల పోలేదు?” అని పోల్చి చూచుట మనవారికి అలవాటు. ఈ రెండును ఒక తీరు వీసాలు కావు. భర్త అమెరికాలో తాత్కాలికముగా ఉద్యోగము చేయుచు హెచ్-1బి వీసాపై నున్నచో, భార్యకు హెచ్-4 అను ఆశ్రిత వీసా లభించును. అదియు తాత్కాలికమే. దానికి హైదరాబాదులోని అమెరికా కాన్సులేటులోనే ఇంటర్వ్యూ జరుగుటకు వీలున్నది. ఆ కార్యాలయము 2008లో ప్రారంభమై, 2023 నుండి నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమున పనిచేయుచున్నది. భర్త అమెరికా పౌరుడైనను, గ్రీన్‌కార్డు గల శాశ్వత నివాసియైనను, భార్య పొందవలసినది వలస వీసా. అనగా ఆ దేశములో శాశ్వతముగా నివసించుటకిచ్చు అనుమతి. దాని మార్గము వేరు, విచారణ వేరు, కాలము వేరు. భర్త హోదా పెరిగినకొలది భార్య నిరీక్షణయు పెరుగుట వింతగా తోచును గాని, శాశ్వతముగా నిచ్చుదానిని ఏ ప్రభుత్వమైనను నిదానించియే యిచ్చును.

ఈ మార్గము మనవారికి ఎల్లప్పుడును తెరచియుండినది కాదు. 1917లో అమెరికా చేసిన చట్టము భారతీయుల వలసను ఇంచుమించుగా మూసివేసినది. 1946లో వచ్చిన చట్టము మనవారికి పౌరసత్వపు హక్కును, ఏటికి 100 మంది వలసకు మాత్రము అనుమతిని ఇచ్చినది. 1965 నాటి చట్టము జాతినిబట్టి యుండిన కోటాలను తొలగించినది. పౌరుల భార్యాభర్తలను, చిన్న పిల్లలను, తల్లిదండ్రులను సంఖ్యాపరిమితికి వెలుపల నుంచినది. నేడు తెలుగు కుటుంబములు ఆ దేశమున వేలకొలదిగా స్థిరపడుటకు ఈ చట్టమే మూలము. కావున పౌరుని భార్యకు “ఈ యేటి సంఖ్య నిండినది, మరుసటి యేడు రమ్ము” అనుటకు వీలులేదు. గ్రీన్‌కార్డు గలవాని భార్యకు మాత్రము ఏటికింత యను పరిమితి కలదు. ఆమె వరుసలో నిలువవలెను. వరుస ఏ తేదీవరకు వచ్చినదో అమెరికా విదేశాంగశాఖ ప్రతినెలయు ఒక ప్రకటనలో తెలుపుచుండును. అర్జీ చేరిన దినమే ఆమె వరుస తేదీ. భర్త సాధారణముగా ఐదేండ్లు శాశ్వత నివాసియై యుండిన పిమ్మట పౌరసత్వము పొందవచ్చును. పొందినచో భార్య అర్జీయు పరిమితిలేని తరగతిలోనికి మారును.

ఇక మెట్లు చెప్పెదను. ఇవి మూడు.

మొదటి మెట్టు అర్జీ. భర్త అమెరికాలోని వలసల శాఖకు ఐ-130 అను అర్జీ పెట్టవలెను. ఇది భార్య పెట్టునది కాదు, భర్తయే పెట్టవలెను. “ఈమె నా ధర్మపత్ని, మా వివాహము యథార్థము” అని ఆతడు ఆధారములతో నిరూపించు ఘట్టమిది. అర్జీ చేరగానే ఆ శాఖవారు ఒక రసీదు పంపుదురు. దానిపై మూడక్షరములును పది అంకెలును గల సంఖ్య యుండును. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు; దీని ప్రయోజనము ముందు చెప్పెదను. ఈ మెట్టున ఒక సంవత్సరము గడచుట, అంతకు మించుటయు సామాన్యమే.

రెండవ మెట్టు కాగితముల కూర్పు. అర్జీ ఆమోదము పొందిన పిదప అది న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని పోర్ట్స్‌మత్ పట్టణమున నున్న జాతీయ వీసా కేంద్రమునకు పోవును. అక్కడ వీసా రుసుము 325 డాలర్లు, పోషణ పత్రమునకు 120 డాలర్లు చెల్లింపవలెను. భార్య డి.ఎస్.-260 అను దరఖాస్తును నింపవలెను. భర్త ఐ-864 అను పోషణ పత్రముపై సంతకము చేయవలెను. కుటుంబపు సంఖ్యనుబట్టి ఆ దేశమువారు పేదరికమునకు ఏటేట ఒక హద్దు నిర్ణయింతురు. భర్త యాదాయము సాధారణముగా ఆ హద్దుకు నూటికి 125 వంతుల కన్న తక్కువ కాకూడదు. తక్కువైనచో మరియొకరు జామీనుగా నిలువవచ్చును. ఇది మొక్కుబడి కాగితము కాదు. పిమ్మట విడాకులైనను ఈ పోషణబాధ్యత తనంతట తొలగిపోదని ఆ దేశపు చట్టము చెప్పుచున్నది. ఆడపిల్లను కన్నవారు ఈ మాటను మరువరాదు.

మూడవ మెట్టు ఇంటర్వ్యూ పిలుపు. కాగితములన్నియు సరిపోయినవని కేంద్రమువారు తెలిపిన వెంటనే పిలుపు వచ్చునని చాలమంది తలంతురు. అట్లు కాదు. కాన్సులేటులో ఎన్ని యింటర్వ్యూలకు వీలున్నదో చూచి, ముందు సిద్ధమైనవారిని ముందుగా పిలుచుచుందురు. మన తెలుగువారి వలస వీసా వ్యవహారము హైదరాబాదున కాక ముంబయి కాన్సులేటున జరుగుచున్నది. అందుచేత మన పిల్లలకు వచ్చు కేసు సంఖ్య బి.ఎం.బి. అను మూడక్షరములతో మొదలగును. ఊరి పేరు ముంబయిగా మారినను, కాగితములలో బొంబాయి వాసన పోలేదు. దేశమున నలుమూలలనుండి వచ్చు అర్జీలు అచ్చట చేరుటచే వరుస పెద్దది. దీనికి తోడు 2020 మార్చిలో కరోనా మహమ్మారి కారణమున లోకమంతటను అమెరికా కాన్సులేటులు సామాన్య వీసా పనులను నిలిపివేసినవి. అంతకు పూర్వము 2019లో అన్ని దేశములందును కలిపి ఇంటర్వ్యూ పిలుపునకై వేచియుండినవారు నెలకు సుమారు 61 వేలమంది. 2021 నడిమికి ఆ సంఖ్య 5 లక్షలు దాటినది. ఆ పేరుకొనిన బరువు తగ్గుటకు ఏండ్లు పట్టినది. ఇందులో పిల్ల దోషమేమున్నది? వియ్యంకుల దోషమేమున్నది?

అయితే మన చేతిలోని యాలస్యము ఒకటి కలదు. అది కాగితములలో పేర్ల తేడా. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, వ్యక్తిపేరు వెనుక. పదవ తరగతి పత్రములో ఇంటిపేరు ఒక్క పొడియక్షరముగా నుండును. పాస్‌పోర్టులో అదే పేరు విప్పి వ్రాయబడి, ఇంటిపేరొక గడిలోను వ్యక్తిపేరొక గడిలోను చేరును. వివాహ ధ్రువపత్రములో కొందరు పుట్టినింటి పేరును, కొందరు మెట్టినింటి పేరును వ్రాయింతురు. “లక్ష్మి” యను పేరును ఇంగ్లీషులో ఒకచోట ఒక విధముగను, వేరొకచోట వేరొక విధముగను వ్రాయుదురు. మనకివన్నియు ఒక్క మనిషియే. కాగితమును చూచు విదేశాధికారికి ఇవి వేర్వేరు మనుష్యులుగా కనబడవచ్చును. కావున పెండ్లి ముహూర్తము నిశ్చయమైన దినముననే పిల్ల పాస్‌పోర్టును, చదువు పత్రమును, జన్మ ధ్రువపత్రమును ప్రక్కప్రక్కన నుంచి అక్షరమక్షరమును పోల్చి చూడవలెను.

జన్మ ధ్రువపత్రము విషయమున మరియొక చిక్కు కలదు. శిశువు పుట్టిన దినమున పేరు పెట్టియుండరు గనుక, పంచాయతీ పుస్తకమున తలిదండ్రుల పేర్లు మాత్రము వ్రాయబడి, శిశువు పేరుగల గడి ఖాళీగా నుండుట మన యూళ్లలో సర్వసామాన్యము. జనన మరణముల నమోదునకై 1969లో చేయబడిన చట్టము పిమ్మట పేరు చేర్చుటకు వీలు కల్పించినది. ఆ పనిని ముందే చేయింపవలెను. వివాహ విషయమునను అంతే. పురోహితుడు మంత్రము చదివి, మూడు ముడులు పడి, ఊరంతయు భోజనము చేసినను, కాగితముమీదికి ఎక్కని వివాహము విదేశమున నిలువదు. ఆంధ్రప్రదేశములో వివాహముల నిర్బంధ నమోదు చట్టము 2002లోనే చేయబడినది. నమోదు చేయింపక శుభలేఖను మాత్రము భద్రపరచుకొనువారు ఇంకను కలరు. శుభలేఖ సాక్ష్యమునకు తోడుపడును గాని, ధ్రువపత్రము స్థానమున నిలువదు. వధూవరులలో ఎవరికైనను పూర్వవివాహ మున్నయెడల విడాకుల తీర్పుగాని, మరణ పత్రముగాని తప్పక యుండవలెను. పోలీసు ధ్రువపత్రము పాస్‌పోర్టు కార్యాలయమువారి వలన పొందవలెను.

వైద్యపరీక్షయు కలదు. దానిని అమెరికా ప్రభుత్వము నియమించిన వైద్యులయొద్దనే చేయించుకొనవలెను. మన యూరి డాక్టరుగారి పత్రము చెల్లదు. క్షయవ్యాధి యున్నదా లేదా చూతురు, టీకాలు వేయుదురు. ఇది సాధారణముగా ఆరు నెలలు మాత్రమే చెల్లును. కావున పిలుపు రాకముందే తొందరపడి చేయించుకొనుట వ్యర్థము.

ఇంటర్వ్యూను గురించి రెండు మాటలు. పిల్ల ముంబయి వెళ్లి, కుడిచేయి యెత్తి ప్రమాణము చేసి, అధికారి ప్రశ్నలకు బదులు చెప్పవలెను. భర్త యచ్చటికి రావలెనను నియమము లేదు. సంబంధము ఎట్లు కుదిరినది, పెండ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగినది, భర్త ఏ యూర నుండును, ఏమి పని చేయును, ఎంత తరచుగా మాటలాడుకొందురు అను ప్రశ్నలు సాధారణముగా వచ్చును. అధికారి తేల్చుకొనదలచినది ఒక్కటే: ఈ వివాహము కాపురమునకై చేసికొనినదా, లేక వీసాకై చేసికొనినదా? పెద్దలు కుదిర్చిన సంబంధమని చెప్పుటకు సిగ్గుపడనక్కరలేదు. అది మన దేశపు మర్యాద యని వారెరుగుదురు. అయితే నిరూపించు భారము అర్జీదారులదే. అందుచే పెండ్లిలో ఇరువైపుల బంధువులతో తీయించుకొనిన ఫోటోలు, భర్త వచ్చిపోయిన విమానపు టిక్కెట్లు, ఆతడు పంపిన సొమ్ము వివరములు భద్రపరచుట మేలు.

ఇచ్చట పెద్దలు చేయు ఒక కీడును చెప్పక తప్పదు. “పిల్ల తడబడును, ఇట్లు చెప్పుమని నేర్పుదము” అని ఒక మధ్యవర్తియొద్దకు తీసికొనిపోయి, లేని సంగతులను కంఠస్థము చేయింతురు. వీసా కొరకు చెప్పిన ముఖ్యమైన అబద్ధము బయటపడినచో ఆ పిల్లకు జీవితాంతము ఆ దేశప్రవేశము నిషిద్ధము కావచ్చును. తప్పుడు పత్రములకును అదే ఫలము. జ్ఞాపకము లేని సంగతిని “జ్ఞాపకము లేదు” అనుటయు, అర్థము కాని ప్రశ్నను మరల నడుగుమనుటయు తప్పులు కావు. పాఠశాలలో అప్పజెప్పు పాఠము వేరు, తన కాపురమును గూర్చి తాను పలుకు మాట వేరు. రెండవదానికి గురువు అక్కరలేదు.

ఇంటర్వ్యూ ముగిసిన దినముననే వీసా మంజూరు కావచ్చును. కొందరికి మాత్రము 221-జి అను పత్రము చేతికిత్తురు. ఒక కాగితము కావలెననియో, ఇంకను విచారింపవలసియున్నదనియో దాని యర్థము. ఈ దశలో కంప్యూటరున చూచినచో “నిరాకరింపబడినది” అను మాట కనబడును. దానిని చూచి ఇంటిల్లిపాదియు ఏడ్చిన కుటుంబములు కలవు. భయపడవలదు. అడిగిన కాగితమును పంపినచో, విచారణ ముగిసినచో, అదే కేసు మరల నడచును. గాబరాపడి మధ్యవర్తికి లంచమీయబోవుటయే అసలు ప్రమాదము. కాన్సులేటులో వరుసను ముందుకు జరుపగల మధ్యవర్తి లేడు.

వివాహమై రెండేండ్లు నిండకమునుపే ఆ దేశమున ప్రవేశించిన భార్యకు రెండేండ్ల కార్డు మాత్రమే యిత్తురు. ఇది అనుమానముతో నిచ్చినది కాదు. దొంగపెండ్లిండ్లను అరికట్టుటకు 1986లో చేసిన చట్టపు నియమము. ఆ గడువు తీరకముందు, చివరి 90 దినములలో భార్యాభర్తలిరువురును కలిసి షరతు తొలగింపు మనవి చేసికొనవలెను. భర్త క్రూరముగా హింసించినచో భార్య యొంటరిగానే మనవి చేసికొనుటకును చట్టము దారి యుంచినది. “వీసా పోవునని భయపడి అన్నియు సహించితిని” అని ఏ పిల్లయు అనవలసిన పనిలేదు. ఈ సంగతిని అమ్మాయికి విమానమెక్కుటకు ముందే చెప్పి పంపుడు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చెదను. నిజమైన నిరీక్షణకు గురుతు కలదు. ఆలస్యము పేరిట జరుగు వంచనకును గురుతు కలదు. పెండ్లి చేసికొని, కట్నకానుకలు గైకొని, అమెరికాకు మరలిపోయి, అర్జీయే పెట్టక “పేపర్లు నడుచుచున్నవి” అని ఏండ్ల తరబడి చెప్పు భర్తలు కొందరున్నారు. ఆ మాటను నమ్మి పిల్ల యౌవనము పుట్టింటి అరుగుపై గడచిపోవును. వీరిని కనిపెట్టుటకు లాయరక్కరలేదు. ఇందాక జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన సంఖ్య చాలును. “బాబూ, రసీదు సంఖ్య ఏది?” అని అల్లునడుగుడు. అర్జీ పెట్టినవానియొద్ద అది తప్పక యుండును. ఆ సంఖ్యను ఆ శాఖవారి వెబ్‌సైటున వేసి చూచినచో కేసు ఏ స్థితిలో నున్నదో తెలియును. రెండవ మెట్టు చేరిన పిదప భార్య పేరిటనే కేసు సంఖ్య వచ్చును. ఆ సంఖ్యను పిల్ల దగ్గరనే యుంచవలెను గాని, అత్తవారి బీరువాలో కాదు.

అడుగుటకు మొగమోటపడవలదు. సంఖ్య చూపిన అల్లుని అనుమానింపవలదు; ఆతడును అక్కడ ఒంటరిగా వేచియున్నవాడే. కాగితములు సరిగానున్నచో ఊరివారి మాటలను చెవిని పెట్టక, పిల్లకు అండగా నిలువుడు. మాటలు దాటవేసి సంఖ్య చూపనివాని విషయమున మాత్రము ఇంకొక పండుగ చూతమని జాగు చేయక, న్యాయసలహా పొందుడు.

వేచియున్న పిల్లను ఇంట ఎట్లు చూడవలెనో ఒక్క మాట చెప్పి విరమింతును. ఆమె పుట్టింట నున్నను బరువు కాదు, అత్తవారింట నున్నను అతిథి కాదు. ఈ నెలలను వృథాగా పోనీయక చదువో, ఉద్యోగమో, ఇంగ్లీషు మాటలాడు నేర్పో, వాహనము నడుపుటయో నేర్చుకొననిండు. పేరంటమునకు పోయినప్పుడెల్ల “పిలుపు వచ్చినదా?” అని యడుగువారికి ఆమెచేత బదులు చెప్పింపక, “కేసు ఫలానా మెట్టున నున్నది, వరుస వచ్చినప్పుడు పిలుతురు” అని మీరే చెప్పుడు. యక్షపత్నికి గడువు తెలిసియుండెను. మన పిల్లకు గడువు చెప్పలేకపోయినను, తానే మెట్టున నున్నదో చెప్పగలము. ఆ పాటి తెలియుటయే ఆమెకు కొండంత ధైర్యము.